చూచిరాత

కరగండాలో జనవరి.
కిటికీ అద్దానికి లోపలివైపే మంచు పూలు పూసిన పొద్దున,
మూడో అంతస్తులో పరీక్ష.
గని గాలి, అదీ సబ్జెక్టు.
భూమి కింద మనుషులకి ఊపిరెలా పంపాలో
అరవై టికెట్లుగా తెగ్గోసి
బల్ల మీద బోర్లించి పెట్టింది రౌజా కబ్దెనొవ్నా.

ముందు రాత్రి హాస్టల్లో మేం నిద్రపోలేదు.
చదివామని కాదు.
గుల్బర్షిన్ చేతిరాత చీమల బారు,
బొటనవేలంత కాగితం మీద
రెండు అధ్యాయాలు ఇరుకులేకుండా పట్టేవి.
విక్టర్ లెంజ్ వాటిని హార్మోనియం తిత్తిలా మడిచేవాడు.
సపర్గాలీ చాయ్ కాచేవాడు, పాలెక్కువ పోసి.
కాగితాలు కత్తిరించడం నా వంతు.
కత్తెర పట్టిన చెయ్యి కూడా చెయ్యేనని
అప్పుడు తోచలేదు.

ఒకటి చెప్పి తీరాలి:
నన్నెవరూ బలవంతపెట్టలేదు.
రెండో ఏడు దాకా నేను చీటీ ముట్టనే లేదు,
ఒక్కరూ ఒక్క మాటా అనలేదు.
ఊరికే, నేను గదిలోకి రాగానే మాట మారేది.
ఊరికే, కెటిల్ పక్కన ఒక కప్పు తక్కువుండేది.
బయట సున్నాకి ముప్ఫై కింద.
అది చలి కాదు,
చలికి కోటుంది.
ఆ కప్పు లేకపోవడం ఉందే,
దానికి ఏ బజారులోనూ కోటు దొరకలేదు.

కత్తెర అడిగి తీసుకున్నది నేనే.

పరీక్షలో చీటీ మోచేతుల కింద నడిచింది
మూడో వరస నుంచి ఐదో వరసకి,
చొక్కా చేతిలోంచి చొక్కా చేతిలోకి,
వెచ్చగా, అరచేతి చెమటతో కొంచెం మెత్తగా.
ఉల్తువార్ దాకా వచ్చింది.
ఆమె విప్పలేదు.
ఆపనూ లేదు.
నిప్పు కణికని పట్టుకారుతో జరిపినట్టు
వెనక్కి జరిపింది, నా బల్ల మీదికి.
రౌజా కబ్దెనొవ్నా కిటికీ వైపు తిరిగి
మంచు పూలని చాలాసేపు చూసింది.
మమ్మల్ని చూడలేదో, చూడదలుచుకోలేదో.
మాకందరికీ ఐదు మార్కు. ఉల్తువార్‌కి మూడు.
సాయంత్రం ఆమెకి చాక్లెట్ కొనిపెట్టాం,
జాలిపడి.
ఇప్పుడెక్కడుందో నాకు తెలీదు.

తొమ్మిదేళ్ళు.
ఆరొందల మీటర్ల లోతున, రాత్రి షిఫ్టు.
మీటరు మీద అంకె ఎర్రగా ఆగి ఆగి వెలుగుతోంది.
అంకె కనబడుతోంది.
దాని తర్వాత చెయ్యాల్సింది కనబడటం లేదు.
ఏ శాతం దాటితే కరెంటు ఆపాలి?
మడత గుర్తుంది.
నీలం జెల్ సిరా గుర్తుంది,
రెండో మడత అంచున అరిగిన చోటూ గుర్తుంది.
నా కుడి చెయ్యి నన్నడక్కుండానే
ఎడమ చొక్కా చేతిలోకి వెళ్ళింది.
బొగ్గు పొడి.

ఎనిమిదో తరగతి దాకా చదివిన కుదైబెర్గెన్ తాత
నా మొహం చూశాడు, మీటరు చూశాడు.
తనే వెళ్ళి స్విచ్చి దించాడు.
మనుషుల్ని తాజా గాలి వైపు నడిపించాడు, తొందరపెట్టకుండా.
అక్కడ ఫ్లాస్కు మూత తిప్పి
ముందు నాకే పోశాడు.
ఒక్కరూ ఒక్క మాటా అనలేదు,
ఈసారి కూడా.

తెల్లారి గుల్బర్షిన్‌కి ఫోన్ చేశాను.
అస్తానాలో కర్టెన్లు అమ్ముతోంది.
వెనక ఎవరో గజాలు లెక్కపెడుతున్నారు.
ప్రశ్న పూర్తికాకముందే అంకె చెప్పింది,
పేజీ చెప్పింది, పక్కనున్న బొమ్మ చెప్పింది.
"ఇంకా ఎలా గుర్తుంది నీకు?" అన్నాను.

నవ్వింది, పాత నవ్వే.
"చూసింది మీరు.
రాసింది నేను కదా" అని,
"ఉండు, బేరం వచ్చింది" అంది.